రెండు ఎడమ చేతుల కోటు

పోయిన వారం అత్తయ్యను చాక్ డబ్బా మూత తీస్తుండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ ఆ మూత పట్టుకుని అలాగే నిలబడి ఉంది. కొత్తగా చేరినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

వీధి మలుపులో ఒక టైలరు షాపు. ముందు గదిలో పని, వెనక గదుల్లో కాపురం. కత్తెర పట్టేది మాస్టారు. కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, అంచులు మడిచేది ఆయన భార్య. వీధి వీధంతా ఆవిడను అత్తయ్య అనే పిలుస్తుంది, మనమూ అలాగే పిలుద్దాం. కొన్ని నెలలుగా మాస్టారికి పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోంది. ఎప్పుడూ లేనిది ముక్కు మీద కోపం, అది తగ్గీ తగ్గకముందే కళ్లల్లో నీళ్లు. అదలా ఉండగా ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ రైలు గార్డు గారొకరు ఒక గుడ్డ తెచ్చి కోటు కుట్టమన్నారు. చనిపోయిన భార్య ఎన్నడో కొని దాచిన గుడ్డ అది, ఇప్పుడు అలాంటిది ఎక్కడా నేయడం లేదు. మాస్టారు అందులోంచి కోటుకు రెండు చేతులు కత్తిరించారు. రెండూ ఎడమ చేతులే.

మిగిలిన పీలికల్లోంచి కుడి చెయ్యి ఎలాగైనా వస్తుందేమో గీసి చూద్దామని అత్తయ్య తెల్ల చాక్ కోసం ఆయన డబ్బా తీసింది. మామూలుగా ఆవిడ ఆ డబ్బా జోలికి పోదు. ఆ ఇంట్లో ఎవరి చాక్ వారిదే. కత్తిరింపు గీతలకు ఆయనది తెలుపు, కాజాల గుర్తులకు ఆవిడది నీలం. పెళ్లయిన కొత్తలో ఈ గీత నీదా నాదా అని ఒక పెద్ద రగడ జరిగి, చివరికి రంగులు పంచుకుని రాజీ పడ్డారు. అప్పట్నుంచీ ఆ సరిహద్దు ఎవరూ దాటలేదు. దాటలేదనే మాస్టారి నమ్మకం.

మూత వచ్చింది. అంతలోనే డబ్బా అత్తయ్య చేతిలోంచి జారి బల్ల మీద బోర్లా పడింది. అరిగి అరిగి రేకుల్లా అయిన చాక్ ముక్కలు చెల్లాచెదరయ్యాయి. వాటి మధ్యలోంచి గుండ్రటి తెల్ల బిళ్లలు దొర్లుకుంటూ వచ్చి గార్డు గారి గుడ్డ అంచున ఆగాయి. ఒకటీ రెండూ కాదు, దోసెడు. బీపీ బిళ్లలు. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు అత్తయ్య తన చేత్తో ఆయన అరచేతిలో పెట్టినవి.

ఇస్త్రీ చేస్తున్న మాస్టారు పెట్టె పక్కన పెట్టి, ఇటు చూసి, మళ్లీ ఇస్త్రీ పెట్టె కేసి చూశారు. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్లవాడికీ ఆయనకూ ఆ క్షణాన మీసాలు తప్ప తేడా లేదు.

"ఎన్నాళ్లనుంచి?" అంది అత్తయ్య.

ఒకటో రెండో ఎప్పుడైనా మరిచిపోయి ఉంటానని గొణిగారు ఆయన. ఆవిడ బిళ్లలను ఒక్కొక్కటిగా ఏరి కుప్ప పోయడం మొదలుపెట్టింది. కుప్ప పెరుగుతున్నకొద్దీ ఆయన తల వంగుతోంది.

"రోజూ మీ చేతిలో పెట్టేదాన్ని. నీళ్లు తాగి, గ్లాసు నాకిచ్చి, బాగుందోయ్ అనేవారు కదండీ."

"నీళ్లు బాగున్నాయనే అన్నాను."

ఇంకో రోజైతే అత్తయ్య ఆ మాటకు పకపకా నవ్వేది. ఇవాళ ఆవిడ పెదవులు వణికాయి. అది చూసి మాస్టారు బెదిరిపోయారు. బెదిరినవాళ్లు చేసే పనే ఆయనా చేశారు, ఎదురుదాడికి దిగారు. గుండీల సొరుగు మొత్తం బయటికి లాగి, దాని వెనక కుక్కి ఉన్న మూట తీసి బల్ల మీద పడేశారు. అది మొన్న జిప్పుల కోసం వెతుకుతుంటే ఆయన కంట పడింది. అప్పట్నుంచీ అడగాలా వద్దా అని లోలోపల కుమిలిపోతున్నారు.

మూట విప్పితే ఒక కాలు జానెడు పొట్టిగా తెగిన ప్యాంటు ముక్క, ఒక కొన పొడుగూ ఒక కొన కురచా ఉన్న కాలరు, జేబు తలకిందులుగా గీసిన చొక్కా ముందు భాగం. అన్నిటి మీదా తెల్ల గీతలే. ఆయన చేత్తో గీసినవి, ఆయన చేత్తో పాడైనవి. అత్తయ్య వాటిని దాచేసి, బజారుకెళ్లి అదే రంగు గుడ్డ వెతికి తెచ్చి, తెల్లవారుజామున లేచి తానే కత్తిరించి, ఏమీ ఎరగనట్టు బల్ల మీద పెట్టేది. బట్టలు తీసుకెళ్లినవాళ్లు మెచ్చుకుంటుంటే మాస్టారు మీసం దువ్వుకునేవారు.

"నేను బిళ్లలు దాచాను సరే, నువ్వు నన్నే నా నుంచి దాచావు" అన్నారు ఆయన. "నా చెయ్యి బాగానే ఉందనుకుంటూ తిరిగానోయ్. వీధంతా నవ్వుకుని ఉంటారు."

అత్తయ్య స్టూలు లాక్కుని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ తెలియదు, తెలియనిచ్చేదాన్ని కూడా కాదు అంది. తెలిసిన రోజున ఈయన కత్తెర పక్కన పెట్టేస్తారని, పెట్టేశాక గోడకేసి చూస్తూ కూర్చుంటారని తన భయం. ఈయన కోప్పడితే భరించగలదు, మాట్లాడకుండా కూర్చుంటే మాత్రం భరించలేదు. ఆ సంగతి చెబుతున్నంతసేపూ ఆవిడ ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లు నొక్కుకుంటూనే ఉంది.

"అసలు ఎందుకు మానేశారు? అదొక్కటి చెప్పండి."

మాస్టారు కత్తెర చేతిలోకి తీసుకున్నారు. తరవాత భార్యకు కాదు, దానికే చెప్పినట్టు చెప్పారు.

ఆయనకొక అన్నగారుండేవారు. ఈ పని నేర్పింది ఆయనే. కొలత తీయకుండా మనిషి నడక చూసి కోటు కుట్టగలిగిన మొనగాడు. చివరి రోజుల్లో ఆయన కిటికీ దగ్గర కూర్చుని, పాత పేపర్లు కాలర్ల ఆకారంలో కత్తిరిస్తూ పొద్దు గడిపేవారు. తమ్ముడు వెళితే, ఎవరండీ మీరు, కొలతలకు వచ్చారా అని మర్యాదగా అడిగేవారు. ఆయన పక్కన బల్ల మీద ఎప్పుడూ బిళ్లల సీసాలే. ఆ సీసాలే అన్నగారి బుర్ర తినేశాయని మాస్టారి మనసులో ముద్ర పడిపోయింది. తనకు బీపీ బిళ్ల రాసిన కొత్తలో, కుర్చీలోంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మాయి. ఇంకేముంది, మొదలైందనుకున్నారు. మర్నాటి నుంచి బిళ్ల నాలుక కింద, తరవాత డబ్బాలో.

"మరి మానేశాక కూడా తప్పులు జరుగుతూనే ఉన్నాయి" అన్నారు. "పోయిన వారం ఆ రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నాకు అన్నయ్య మొహమే కనబడింది. రేపు నిన్ను కూడా ఎవరండీ మీరు అని అడుగుతానేమోనని భయంగా ఉంది. పొద్దున లేవగానే ముందు నీ మొహం చూసి, ఈవిడ ఎవరో నాకు తెలుసు అనుకుని, అప్పుడు మంచం దిగుతున్నాను."

అత్తయ్య లేచి వెళ్లి ఆయన తలను తన పొట్టకు ఆనించుకుంది. ఇంత వయసొచ్చాక పట్టపగలు షాపులో ఇదేమిటని ఆయనా అనలేదు, షాపు అద్దంలోంచి బయటివాళ్లెవరైనా చూస్తారని ఆవిడా అనుకోలేదు. ఇస్త్రీ పెట్టె దానిపాటికది చల్లారిపోయింది.

కూతురు వచ్చేసరికి వాళ్లు అలాగే ఉన్నారు. ఆ పిల్ల పక్క వీధి క్లినిక్‌లో నర్సు. రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే వస్తుంది. ఇవాళ చేతిలో బీపీ మెషిన్ కూడా ఉంది. రెండు ఎడమ చేతుల సంగతి విన్నప్పట్నుంచీ నాన్నకు బీపీ చూడాలని పట్టుబడుతోంది. బల్ల మీద బిళ్లల కుప్ప, దాని పక్కన మూట, వాటి వెనక అమ్మానాన్నలు. ఎవరూ చెప్పకుండానే సగం అర్థమైంది, మిగతా సగం అడిగి తెలుసుకుంది. కోప్పడుతుందనుకున్నారు మాస్టారు. అది కోప్పడలేదు, కుట్టుమెషిన్ ముందు కూర్చుని ఒక ప్రశ్న అడిగింది.

"నాన్నా, దారం బిగువు ఎక్కువైతే ఏమవుతుంది?"

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అది ఆయనకు తెలిసిన విషయం. కుట్టు పైకి చక్కగానే కనిపిస్తుందనీ, అడుగున గుడ్డ ముడతలు పడుతుందనీ, అలాగే తొక్కుకుంటూ పోతే ఏదో ఒక రోజు దారం పుటుక్కున తెగుతుందనీ చెప్పారు.

"నీ తలలో ఉన్నదీ అలాంటి దారమే" అంది కూతురు.

మెదడులో వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలుంటాయని, ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే అవి గట్టిపడి, బిగుసుకుపోయి నెత్తురు సరిగ్గా అందదని వివరించింది. ముందుగా దెబ్బ తినేది పాత జ్ఞాపకాలు కావట. ఒకదాని తరవాత ఒకటి వరసగా చేయవలసిన పని తడబడుతుందట, మధ్యలో ధ్యాస జారిపోతుందట, చురుకు తగ్గుతుందట. మనసు కూడా తేలిగ్గా ఉండదు. ఊరికే చిరాకు, ఊరికే దిగులు. అందరూ అది వయసు మీద వేసేస్తారు. వయసొస్తే పేరు గుర్తు రావడానికి కాస్త టైము పడుతుంది, నిజమే, కానీ అన్నిటికీ వయసునే ఆడిపోసుకోకూడదు అంది. పెదనాన్న బుర్రను బిళ్లలు తినలేదని, ఆయన వాటిని మొదలుపెట్టేసరికే చాలా ఆలస్యమైపోయి ఉంటుందని అంది. లేవగానే కళ్లు తిరిగితే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, ఆయన మోతాదు మారుస్తాడు, అంతేగానీ తీసుకెళ్లి చాక్ డబ్బాలో పోయరు.

"అయితే నేను అన్నయ్యలా అవనా?"

కూతురు అబద్ధం చెప్పలేదు. పరీక్షలు చేయకుండా ఎవరూ మాట ఇవ్వలేరంది. కానీ బీపీ అదుపులో పెట్టుకుంటే ఉన్నది చాలావరకు కాపాడుకోవచ్చని, మనసు కూడా కుదుటపడుతుందని చెప్పింది. ఇప్పుడిక జబ్బ చాపమంది.

ఇక్కడ మాస్టారు మళ్లీ మొండికేశారు. లోకంలో అందరి జబ్బలకూ టేపు చుట్టిన మనిషి, తన జబ్బకు ఒక పట్టీ చుట్టించుకోవడానికి జంకారు. మధ్యాహ్నం చూద్దామన్నారు. మధ్యాహ్నమే అయిందని కూతురు గుర్తు చేసింది. భోంచేశాక అన్నారు. అత్తయ్యకు విసుగొచ్చి, జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని కూతురి ముందు కూర్చుంది.

"నాకు పెట్టవే ముందు. ఏమీ నొప్పెట్టదని ఆయన కళ్లారా చూస్తారు."

పట్టీ బిగిసింది, మెషిన్ బుసబుసమని ఊపిరి పీల్చి వదిలింది. అత్తయ్య ఆయన కేసి చూసి కళ్లెగరేసింది, చూశారా ఎంత తేలికో అన్నట్టు. కూతురు అంకెలు చూసింది. చూసి, మెషిన్‌ను మెల్లగా తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, కాసేపు మాట్లాడకుండా కూర్చో. మళ్లీ చూద్దాం."

మళ్లీ చూసింది. పట్టీ విప్పి రెండో జబ్బకు చుట్టి చూసింది. క్లినిక్‌లో పెట్టుకునే మొహం ఒకటుంటుంది ఆ పిల్లకు, ఇంట్లో ఎప్పుడూ పెట్టుకోదు. ఇప్పుడు పెట్టుకుంది. బీపీ ఎప్పుడైనా చూపించుకున్నావా అమ్మా అని అడిగితే, ఇంట్లో ఒక బీపీ చాలదా అని నవ్వింది అత్తయ్య. తలనొప్పి ఉందా అంటే, నాకేం, గుండ్రాయిలా ఉన్నాను, కాస్త తల బరువంటావా, మీ నాన్నతో కాపురం చేస్తే ఎవరికైనా ఉంటుంది అంది. చేతులేమైనా తిమ్మిరెక్కుతున్నాయా అంటే మాత్రం ఎడమ చేత్తో కుడి చేతి వేళ్లు మళ్లీ నొక్కుకుంది.

మాస్టారు వాళ్ల మొహాలు చూడలేక బల్ల వైపు తిరిగారు. కోటు చేతులు రెండూ అక్కడే ఉన్నాయి. వారం నుంచీ వాటిని చూడడం ఇష్టం లేక గుడ్డ కప్పేసి ఉంచారు. ఇందాక చాక్ డబ్బా పడ్డ అదురుకు కప్పిన గుడ్డ తొలగింది. కిటికీ వెలుతురు సూటిగా వాటి అంచుల మీద పడుతోంది.

అంచు పొడుగునా కత్తెర విడిచిపెట్టిన సన్నటి గీత. అది తెలుపు కాదు, నీలం.

ఆయన వంగి, కళ్లజోడు సవరించుకుని చూశారు. రెండో చేతిదీ నీలమే. గుడ్డ తక్కువగా ఉండడంతో మడత పెట్టకుండా ఒక్కొక్క చెయ్యి విడిగా గీయవలసి వచ్చిన కోటు అది. ఒకటి గీశాక కాగితం అచ్చును తిరగేసి రెండోది గీయాలి. ఆ రోజు తెల్లవారుజామున, ఈయన మళ్లీ తప్పు చేస్తారేమోనని ఆవిడే లేచి, ఈ గుడ్డ దగ్గరికి వచ్చి, ఆయనకు బదులు గీసి పెట్టింది. అచ్చు తిరగేయడం మరిచిపోయింది. తరవాత ఈయన వచ్చి, గీతలున్నాయి కదా, రాత్రి నేనే గీసి ఉంటాననుకుని దిమ్మెక్కిన తలతో వాటి వెంట కత్తెర నడిపేశారు. తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయిన మనిషికి రంగు చూడాలని తోచలేదు.

"ఏమోయ్" అన్నారు, మామూలుగా అడిగినట్టే. "కోటు కత్తిరించిన రోజు పొద్దున్నే నువ్వు బల్ల దగ్గరికి వచ్చావా?"

"లేదే. గార్డు గారి గుడ్డ నేనెందుకు ముట్టుకుంటానండీ?"

మాస్టారు ఆవిడ వేళ్ల వైపు చూశారు. అబద్ధమాడేటప్పుడు అత్తయ్య దారం కొన తడుపుకుంటుంది, దారం లేకపోతే లేని దారాన్నే తడుపుకుంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన కనిపెట్టిన రహస్యం అది. ఇప్పుడు ఆవిడ వేళ్లు ఒడిలో కదలకుండా ఉన్నాయి. కళ్లు నిర్మలంగా ఉన్నాయి. ఆవిడకు నిజంగానే గుర్తు లేదు.

తన గురించి ఇన్నాళ్లు పడ్డ భయం మాస్టారి గుండెలోంచి ఒక్కసారిగా ఖాళీ అయిపోయి, ఆ చోట్లోకి ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఇది మొదటిదానికన్నా చాలా పెద్దది. ఆయన వెనక్కి తిరిగి నిలబడి, కోటు చేతుల అంచు మీది నీలం గీతను బొటనవేలితో తుడిచారు. చివరంటా, రెండింటిదీ.

"అవునులే, నేనే గీశాను" అన్నారు. "నా బుర్ర ఇలా తగలడింది."

"ఏం ఫరవాలేదు, మందులు వేసుకుంటే అదే బాగుపడుతుంది" అంటూ అత్తయ్య ఓదార్చింది. ఆయన తల ఊపారు.

కూతురు అప్పటికే ఫోనులో క్లినిక్‌తో మాట్లాడుతోంది. డాక్టరు ఇద్దరినీ ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడని, కారు వస్తోందని చెప్పింది. అత్తయ్య ఒప్పుకోలేదు. ఈయన్ని తీసుకెళ్లు, నాకు సాయంత్రానికి ఇవ్వాల్సిన గుండీలున్నాయి, అన్నం చల్లారిపోతుంది అంటూ సాకులు మొదలుపెట్టింది. మాస్టారు వెళ్లి షాపు షట్టరు సగం కిందికి లాగారు. ఎంత జ్వరమొచ్చినా, ఎంత వానొచ్చినా పగటిపూట ఆ షట్టరు కిందికి దిగింది లేదు. ఆ చప్పుడుకు అత్తయ్య తిరిగి చూసింది.

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లను" అన్నారు. "పద. నీకు నేను తోడు, నాకు నువ్వు తోడు."

ఆవిడ లేచింది. బయట చలిగాలిగా ఉంది, నా కోటు ఇవ్వండి అంది. గోడకు తగిలించి ఉన్న ఆ కోటు మాస్టారు స్వయంగా కుట్టింది. ట్రయలుకు వచ్చినవాళ్లకు పట్టుకున్నట్టే, వెనక నిలబడి, రెండు భుజాల దగ్గరా పట్టుకుని తెరిచారు. కూతురు చెప్పులు వెతుకుతోంది. అత్తయ్య ఎడమ చెయ్యి కోటులోకి సాఫీగా దూరిపోయింది. ఆ తరవాత ఆవిడ భుజం కాస్త అటూ ఇటూ కదిపింది, ఆగింది, మళ్లీ కదిపింది.

"ఏమండీ, దీనిక్కూడా రెండు ఎడమ చేతులే కుట్టారా ఏమిటి?" అని నవ్వింది. ఆ మాటల్లో చివరివి కొంచెం ముద్దగా వచ్చాయి.

మాస్టారు నవ్వబోయి వంగి చూశారు. కోటు కుడి చెయ్యి ఉండవలసిన చోటే ఉంది, ఆవిడకు అందేలా ఆయనే పట్టుకుని ఉన్నారు. అత్తయ్య చెయ్యి మాత్రం పక్కన అలాగే వేలాడుతోంది. దాన్ని పైకెత్తుతున్నాననే ఆవిడ అనుకుంటోంది.